యే, నా

మా విశ్వవిద్యాలయంలో ఇరవై రెండేళ్ళుగా ప్రతి గురువారం మధ్యాహ్నం మంచిచెడ్డల మీద బహిరంగ చర్చ జరుగుతోంది. ఇరవై రెండేళ్ళుగా ఆ చర్చకి టీ కాచేది నేనే. ఇంతకాలంలో అక్కడ నేను నోరు విప్పింది ఒక్కసారి. ఆ ఒక్కసారీ అబద్ధం చెప్పాను.

నా పేరు గ్లెనిస్ ట్రాటర్. తత్త్వశాస్త్ర శాఖలో గుమాస్తాని. చర్చ నడిపే ప్రొఫెసర్ పిమ్ దానికి 'అనువర్తిత నీతిశాస్త్ర బహిరంగ సభ' అని నోరు తిరగని పేరు పెట్టాడు. మా ఊరు వాగా, ఊళ్ళోవాళ్ళు 'గురువారం రచ్చ' అన్నారు. రెండో పేరే నిలిచింది. మొదటి ఏడాది పిమ్ సిడ్నీ నుంచి మోసుకొచ్చిన ట్రాం కథ చెప్పాడు. పట్టాల మీద ఐదుగురున్నారట, పక్క పట్టాల మీద ఒకడున్నాడట, మీట మన చేతిలో ఉందట, ట్రాంని ఎటు మళ్ళిస్తారని ప్రశ్న. వెనక వరసలోంచి బెవన్ హార్టిగన్ లేచాడు. నలభై ఏళ్ళు పశువుల సంతలో వేలం పాడిన మనిషి, మైకు అక్కర్లేదు. "ఈ ఊళ్ళో ట్రామే లేదు కదా ప్రొఫెసర్. గొర్రెల లారీ సంగతేదైనా అడుగు, చెప్తాం" అన్నాడు. ఆ రోజుతో ట్రాం షెడ్డుకి పోయింది. అప్పట్నుంచి రచ్చకి ఊరి సంగతులే వస్తున్నాయి.

ఓటు పద్ధతి మాత్రం నాది. చేతులెత్తమంటే పక్కవాడి చెయ్యి చూసి ఎత్తుతారు. అందుకని లోపలికి వచ్చేటప్పుడే ఒక్కొక్కరికీ రెండు బట్టల క్లిప్పులిస్తాను, ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. చర్చ అయ్యాక టీ బల్ల దగ్గరున్న సీసాలో ఒకటి వేయాలి. ఔనంటే పచ్చ, కాదంటే ఎర్ర. సీసాకి ఊలు తొడుగు కూడా అల్లాను, లోపల ఏ రంగు ఎక్కువుందో ఎవరికీ కనపడకుండా. పిమ్ రాసిన పుస్తకాల కంటే నా క్లిప్పులే ఈ ఊళ్ళో ఎక్కువమందికి తెలుసు. ఇది గొప్ప కాదు, నిజం.

ఆ గురువారం జూలై చలి, మా దేశంలో అది నడి శీతాకాలం. పొద్దున గడ్డి మీద పడిన మంచు పన్నెండింటికి కూడా కరగలేదు. అయినా హాలు నిండిపోయింది, ఎందుకంటే ఆ రోజు మాట్లాడేది మా పెద్దాసుపత్రి డాక్టరు. పేరు నెర్మీన్ గిర్గిస్. ఈజిప్టు నుంచి వచ్చి రెండేళ్ళయింది. చిన్న మనిషి, పెద్ద కళ్ళజోడు, చేతిలో మడతపెట్టిన కాగితం. వేదిక ఎక్కగానే సూటిగా విషయంలోకి వచ్చింది.

ఆవిడ దగ్గర ఒక రోగి ఉందట. డెబ్బై దాటిన ముసలావిడ, ఒకప్పుడు రొట్టెల బట్టీలో పనిచేసింది. చెయ్యి కుళ్ళిపోతోంది. తీసేస్తే బతుకుతుంది, తీయకపోతే నెల గడవడం కష్టం. డాక్టరు మంచం పక్కన కూర్చుని అంతా విడమరచి చెప్పి, ఆవిణ్ణి అడిగింది. ఆవిడ "యే, నా" అంది.

హాల్లో చిన్న నవ్వు లేచింది. యే అంటే ఔను, నా అంటే కాదు. రెండూ కలిపి ఒక్క గుక్కలో అనడం మావాళ్ళందరికీ ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు.

"మీరు నవ్వుతున్నారు" అంది డాక్టరు. "నేను మాత్రం మొదట వచ్చిన మాట పట్టుకుని 'సమ్మతించారు' అని రాశాను. రేపు పొద్దున ఆపరేషన్. పెద్ద సర్జన్ వచ్చి నా రాత చూసి, సంతకం కోసం కాగితం ముందు పెడతాడు. ఆయన పెడితే ఎవరైనా సంతకం చేసేస్తారు. నేను రాసింది సరైనదో కాదో తెలియక రెండు రోజులుగా అన్నం సయించట్లేదు. ఆ మాటకి అర్థం ఏమిటో మీరు చెప్పండి. నాకు ఈ ఊళ్ళో ఇంతకంటే పెద్ద నిఘంటువు లేదు."

ఇక చూడాలి రచ్చ. ఇన్నేళ్ళలో నేను అలాంటిది చూడలేదు. మాకు తెలిసిన విషయం మీద మమ్మల్నే నిపుణులని పిలిచి అడిగితే ఆగుతామా? పిమ్ సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల దగ్గరికి పరిగెత్తాడు, అరవై ఏళ్ళ మనిషి. బేకరీ నడిపే ఆవిడ లేచి, 'యే' అంటే నువ్వు చెప్పింది విన్నానని, 'నా' అంటే వద్దని, మర్యాదగా కాదనడమే అదని చెప్పింది. ఒక విద్యార్థిని లేచి, తమ తరంలో దానికి 'ఏమో, చూద్దాం' అనే అర్థమంది. వాళ్ళ తరం సంగతి ఎవరడిగారని వెనకనుంచి ఎవరో అన్నారు. పిమ్ ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి రాస్తూ పోతున్నాడు, ఆరో అర్థం దగ్గర సుద్ద విరిగింది. కిటికీ అద్దాలకి ఆవిరి పట్టింది. నాక్కూడా ఒళ్ళు వేడెక్కింది. టీ పోయడం మరిచిపోయి నిలబడి వింటున్నాను.

అప్పుడు డాక్టరు ఒక మాట జారింది. రోగికి తెలివి స్థిమితంగా ఉందా అని ఎవరో అడిగితే, నిక్షేపంలా ఉందని చెబుతూ, "నేను అడిగిన కాసేపటికి నా స్వెటర్ అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, పంతొమ్మిది మైక్రాన్లు, మంచి ఉన్ని, ఎక్కడ కొన్నావని అడిగారు" అంది.

అందరూ నవ్వారు. నా చేతిలో టీ కెటిల్ మాత్రం బల్లకి తగిలి ఠంగుమంది.

రొట్టెల బట్టీలో పనిచేసిన ముసలావిడ ఉన్ని పోగు సన్నదనాన్ని వేళ్ళతో కొలవదు. ఈ చుట్టుపక్కల అలా కొలిచేవాడు ఒక్కడే, మా అన్న డెన్జిల్. యాభై ఏళ్ళు గొర్రెల షెడ్లలో ఉన్ని రకాలు ఏరినవాడు. ఒక్క బొచ్చు చూసి ఏ గొర్రె ఎక్కడ మేసిందో చెప్పేవాడు, రెండు రకాల ఉన్ని ఒకే తొట్టిలో పడితే అన్నం తినేవాడు కాదు. ఎనిమిది రోజులుగా పెద్దాసుపత్రిలో ఉన్నాడు. నేను రోజూ సాయంత్రం వెళ్ళి చూసి వస్తున్నాను. ఏమైందంటే "పాదం మీద పుండు, వాళ్ళే చూస్తున్నారులే" అంటాడు. నేను నమ్మాను. చెయ్యి కాదు, పాదం. ముసలావిడ కాదు, మా డెన్జిల్. తీయకపోతే నెల.

మా అమ్మానాన్నలు పోయాక నాకు మిగిలింది వాడొక్కడే. పెళ్ళి వాడూ చేసుకోలేదు, నేనూ చేసుకోలేదు. ఆదివారాలు ఒకరి వంట ఒకరు తిట్టుకుంటూ తింటాం. ఆ హాల్లో నిలబడి నాకు భయం వేసింది. మనిషి పోతాడేమోనన్న భయం కంటే కోపం ఎక్కువ వచ్చింది, నాతో చెప్పనందుకు.

ఈలోగా బెవన్ లేచాడు. హాలు సద్దుమణిగింది.

"నలభై ఏళ్ళు మనుషుల మొహాలు చూసి పశువుల్ని అమ్మాను" అన్నాడు. "కళ్ళెగరేస్తే ఔను. టోపీ ముట్టుకుంటే ఔను. 'యే, నా' అన్నవాడికి మాత్రం నేను ఒక్క గొర్రెని కూడా అంటగట్టలేదు. అది కాదనే. మనం ఎదుటివాడి మొహం చిన్నబోకూడదని ముందు ఒక ఔను తగిలిస్తాం, అంతే. ఆ పెద్దావిడ వద్దంది డాక్టరమ్మా. నువ్వు వినలేదు."

చప్పట్లు మోగాయి. చుట్టూ తలలు ఊగుతున్నాయి. పిమ్ నల్లబల్ల మీద మిగతా అయిదు అర్థాలూ తుడిచేశాడు. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది, తర్వాత జేబులోంచి ఫోను తీసింది. "అయితే రేపటి జాబితాలోంచి ఆ పేరు తీయించేస్తాను. మళ్ళీ పదిరోజులకి గానీ వీలు దొరకదు" అంది.

పదిరోజులు. నెల గడవడం కష్టమన్న మనిషికి పదిరోజులు.

బెవన్ చెప్పింది అక్షరాలా నిజమని నాకు తెలుసు. నా చెవికీ అది కాదనే వినిపించింది. డెన్జిల్ గొంతులో ఆ మాట ఎలా ఉంటుందో కూడా నాకు తెలుసు. కెటిల్ కింద పెట్టి, "ఆగండి" అన్నాను.

హాలంతా వెనక్కి తిరిగింది. ఇరవై రెండేళ్ళుగా గోడలా ఉన్నది మాట్లాడితే ఎలా చూస్తారో అలా చూశారు. పిమ్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"బెవన్‌కి గొర్రెల సంగతి తెలుసు, జబ్బుపడ్డవాళ్ళ సంగతి తెలీదు" అన్నాను. "యే అంటే నువ్వు చెప్పింది అర్థమైందని. 'నా' అంటే నా గురించి బెంగపడకు, కానివ్వమని. మంచం మీదున్న ముసలివాళ్ళు అలాగే అంటారు. మా ఇంట్లో అందరం అలాగే అంటాం. టీ పొయ్యనా అని నేనడిగితే 'యే, నా' అంటే, పొయ్యమనే కదా అర్థం."

"ఇరవై ఏళ్ళుగా నేను 'యే, నా' అంటే నువ్వు నాకు ఒక్కసారి కూడా పొయ్యలేదు గ్లెనిస్" అన్నాడు బెవన్.

"నీకు పొయ్యకపోవడానికి కారణం వేరే ఉంది" అన్నాను.

హాలు గొల్లుమంది. బెవన్ కూడా తొడ చరుచుకుని నవ్వాడు. ఆ నవ్వుతో నేను గెలిచాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు ఒళ్ళంతా పొంగింది. ఒక్క అబద్ధంతో అంతమందిని ఇటునుంచి అటు తిప్పగలనని నాకప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత లేచిన నలుగురూ నా మాటే అన్నారు. బేకరీ ఆవిడ కూడా, ఆలోచిస్తే తన అత్తగారు అలాగే అనేదని మాట మార్చింది.

క్లిప్పులు పడ్డాయి. నేనే తొడుగు తీసి ఏరాను. పచ్చవి ఎక్కువొచ్చాయి, బాగానే ఎక్కువ. పిమ్ తలలు కూడా లెక్కపెట్టే రకం. "ఒక క్లిప్పు తగ్గిందే" అన్నాడు. ఎవరో మరిచిపోయి ఇంటికి తీసుకుపోయి ఉంటారన్నాను. నా ఊలు కోటు జేబులో నావి రెండు క్లిప్పులూ వేళ్ళకి తగులుతున్నాయి. అంతమందిచేత పచ్చది వేయించాను గానీ నా పచ్చది సీసాలో వేయడానికి నా చెయ్యి రాలేదు.

డాక్టరు మాత్రం ఆ సీసా వంక చూడలేదు. కాగితం మడత విప్పి, మళ్ళీ మడిచి, "ఇక్కడ పుట్టిపెరిగిన ఇంతమంది గంటసేపు కొట్టుకున్నారు. అంటే నాకు అర్థం కాకపోవడంలో వింత లేదు. నేను వెళ్ళి మళ్ళీ అడుగుతాను, ఇప్పుడే" అంది. అని కోటు తీసుకుని బయటికి నడిచింది.

నేను గిన్నెలూ గ్లాసులూ అలాగే వదిలేసి వెంట పరిగెత్తాను. ఇరవై రెండేళ్ళలో అదీ మొదటిసారే. కారెక్కి కూర్చున్న ఆవిణ్ణి పట్టుకుని ఊపిరి ఎగపోస్తూ, "అతను మా అన్న" అన్నాను.

"పేరు చెప్పలేదు, చెయ్యి అన్నాను, ఆడమనిషి అన్నాను కదా" అంది ఆవిడ. ఉన్ని సంగతి మార్చడం మరిచిపోయారన్నాను. ఆవిడ కాసేపు స్టీరింగ్ మీద తల ఆనించి, తర్వాత నాకోసం అవతలి తలుపు తీసింది. దారిలో నాకేసి తిరిగి, "అయితే మీరు అక్కడ చెప్పింది..." అని మొదలుపెట్టింది.

"లైటు పచ్చబడింది, పోనివ్వండి" అన్నాను.

డెన్జిల్ కిటికీ పక్క మంచం మీద కూర్చుని పత్రికలో ఉన్ని ధరలు చూస్తున్నాడు. ఎడమ పాదం మీద దుప్పటి తగలకుండా ఇనుప చట్రం పెట్టారు. ఎనిమిది రోజులుగా ఆ చట్రాన్ని చూస్తూ కూడా నేనేమీ అడగలేదు. మమ్మల్నిద్దర్నీ కలిపి చూడగానే వాడికి సంగతి అర్థమైంది.

"చెప్పేశావన్నమాట" అన్నాడు డాక్టరుతో.

"నా తప్పే. క్షమించండి" అంది ఆవిడ. ఆ తర్వాత కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుంది. "మొన్న మీరు యే, నా అన్నారు. దాని అర్థం మీ నోటితోనే చెప్పండి. ఊళ్ళోవాళ్ళు తలోరకంగా అంటున్నారు."

"ఊళ్ళోవాళ్ళా? వాళ్ళకేం పని?"

"రచ్చలో పెట్టారు" అన్నాను.

డెన్జిల్ పత్రిక మడిచి పక్కన పెట్టాడు. వాడికి కోపం వస్తుందనుకున్నాను. పెదవి ఒక మూల కొంచెం వంకర తిరిగింది, అది వాడి నవ్వు. "ఎన్ని అర్థాలొచ్చాయి?"

"ఆరు."

"నన్ను ఏమడిగారో ఎవరైనా అడిగారా?"

గంటసేపు అంతమందిమి జవాబుని చీల్చి చెండాడాం. ప్రశ్న ఏమిటో ఒక్కరం అడగలేదు. పిమ్ అడగలేదు, బెవన్ అడగలేదు. నేనైతే అడగాలని కూడా అనుకోలేదు.

"నువ్వు రెండు ప్రశ్నలడిగావు డాక్టరమ్మా" అన్నాడు డెన్జిల్. "ఒకే గుక్కలో అడిగావు. ఏం చేయబోతున్నామో అర్థమైందా అన్నావు. యే. మీ పాదం తీసేయడం మీకు కావాలా అన్నావు. నా. దేని తొట్టిలో దాన్ని వేశాను. కలిపింది నువ్వు."

అయితే కాదనే. బెవన్ సరిగ్గానే విన్నాడు.

"అంటే మీకు వద్దు" అంది డాక్టరు నెమ్మదిగా.

"ఎవరికి కావాలి? నీకు కావాలా? డెబ్బై ఆరేళ్ళు నా కింద పడుండి నన్ను మోసింది అది. దాన్ని తీయించుకోవాలని ముచ్చటపడతానా? కావాలా అని అడిగితే అబద్ధం చెప్పనా?"

డాక్టరు కళ్ళజోడు సర్దుకుంది. అప్పుడు నాకు ఆవిడ మీద గౌరవం పుట్టింది. తొందరపడలేదు. కళ్ళు మూసుకుని, మాటలు పేర్చుకుని, మళ్ళీ తెరిచింది.

"డెన్జిల్, ఆ పాదం తీయమంటారా?"

"అదీ అడిగే పద్ధతి" అన్నాడు. కిటికీ బయటికి చూశాడు. కార్లు ఆపేచోట ఎవరో కారు అద్దం మీద మంచు గీకుతున్నారు. "తీయండి. రేపే తీయండి. బతకాలనుంది నాకు. పదిరోజులాగితే మోకాలు కూడా అడుగుతారు మీరు."

డాక్టరు లేచి వాడి చెయ్యి పట్టుకుని ఊపింది, తర్వాత ఏడుపో నవ్వో తెలియని మొహంతో బయటికి పోయింది. వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు పరుగులో వినిపించింది. నాకూ పరుగెత్తాలనిపించింది. బతుకుతాడు. నేను చెప్పిందే జరిగింది, ఊరంతా ఓటేసిందే జరిగింది. ఆ ఇనుప చట్రాన్ని ముద్దుపెట్టుకుందామన్నంత సంతోషం వచ్చింది.

"నువ్వేమన్నావు అక్కడ?" అన్నాడు డెన్జిల్.

వాడితో అబద్ధం చెప్పడం నాకు చిన్నప్పట్నుంచీ చేతకాదు. "తీయమనే నీ ఉద్దేశమని చెప్పాను. లేచి నిలబడి చెప్పాను. అందర్నీ ఒప్పించాను."

"నీకు అలా వినిపించిందా?"

"లేదు. వద్దనే వినిపించింది."

వాడు చెయ్యి చాచాడు. ఏం కావాలో నాకు తెలియక జేబులోని క్లిప్పులు రెండూ తీసి ఆ చేతిలో పెట్టాను. పచ్చదాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి బల్లమీద పెట్టాడు. ఎర్రదాన్ని తీసుకుని, వంగి, కుడి పాదం దగ్గర దుప్పటికి తగిలించాడు. "పొద్దున సర్జన్ నిద్రకళ్ళతో వస్తాడేమో, ఇది నాది, దీన్ని ముట్టుకోకూడదని తెలియాలి" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నాకు నవ్వుతో పాటు కన్నీళ్ళు కూడా వచ్చాయి, తుడుచుకోలేదు.

నవ్వు ఆగాక వాడు నాకేసి చూశాడు, ఉన్ని పోగుని వెలుతురుకెత్తి చూసే చూపుతో.

"గ్లెన్, ఇందాక నేను వద్దనుంటే, ఊరుకునేదానివా?"

నోరు తెరిచాను. ఇరవై రెండేళ్ళు ఇలాంటి ప్రశ్నలకి టీ పోస్తూ జవాబులన్నీ విన్నదాన్ని. ఔననాలనుకున్నాను. అది నిజం కాదు. కాదనాలనుకున్నాను. అదీ పూర్తిగా నిజం కాదు.

"యే, నా" అన్నాను.

"నేనడిగింది ఒక్కటే" అన్నాడు.